వంటింటి తలుపు వెనక వేడినీళ్ల బ్యాగు

మా వదిన కూర్చొని టీ తాగగా నేనెప్పుడూ చూడలేదు. నిలబడి తాగుతుంది, నడుస్తూ తాగుతుంది, లేదంటే ఎక్కడో పెట్టి మరిచిపోయి, చల్లారాక ఒక్క గుక్కలో మింగేస్తుంది. స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో మేమిద్దరం పని చేస్తాం. నేను మిషన్ మీద కాలర్లు కుడతాను, ఆమె కటింగ్ చేస్తుంది. ఎనిమిది పొరల బట్ట పరిచి, సుద్దతో గీసి, కత్తెర పెట్టిందంటే గీత మీద నుంచి నూలుపోగంత కూడా పక్కకి పోదు. షాపులో అందరూ కత్తెరక్కా అని పిలుస్తారు. ఆ చేతికి ఎంత నిలకడో మనిషికి అంత తొందర. బస్సు వచ్చేదాకా ఆగలేక ముందు స్టాపు దాకా నడిచేస్తుంది. ఆ నడిచే దారిలోనే బస్సు ఆమెను దాటిపోయిన రోజులు నా లెక్కకి అందవు. అయినా మర్నాడు మళ్లీ నడుస్తుంది.

అలాంటి మనిషిని ఒక డాక్టరమ్మ మూడు నెలలు ఆగమంది. నేను చెప్పబోయేది ఆ మూడు నెలల సంగతి. అందులో నా తప్పు కూడా కొంత ఉంది. దాన్నీ దాచను.

ఇంట్లో మేం నలుగురం. అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. మధ్యలో ఇరుక్కుపోయినవాళ్లకి రోజంతా ధైర్యం చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు అయిపోతాయి. అమ్మకి మాటలు అయిపోవడమనే జబ్బు లేదు. నేను పెళ్లి వద్దనుకొని పుట్టింట్లోనే ఉండిపోయినదాన్ని. ఆడపడుచు ఇంట్లో ఉంటే వదినకి నరకమని లోకం అంటుంది. మా ఇద్దరిలో ఎవరు ఎవరికి నరకమో ఇంకా తేలలేదు. మాది మూడో అంతస్తులో మూడు గదుల ఇల్లు. లిఫ్టు లేదు. లిఫ్టు మెకానిక్ గారి ఇంటికే లిఫ్టు లేదని అన్నయ్యని ఏడిపించడం మా ఇద్దరికీ సరదా.

వంటింటి తలుపు వెనక ఒక కొక్కెం ఉంది. దానికి ఎర్ర రబ్బరు వేడినీళ్ల బ్యాగు వేలాడుతూ ఉంటుంది. దానికి నీలం యూనిఫారం ముక్కలతో తొడుగు కుట్టింది నేనే. వదినకి నెలసరి నొప్పి మొదలైతే ఆ బ్యాగు కొక్కెం దిగుతుంది. నొప్పంటే నడుము కాస్త లాగడం కాదు. కటింగ్ టేబుల్ అంచుని పొత్తికడుపుకి అదిమిపెట్టుకొని, సుద్ద అంటిన వేలిని పళ్ల మధ్య పెట్టుకొని నిలబడుతుంది. ఆ రోజుల్లో ఆమె వెళ్లి వచ్చిన డాక్టర్లలో సగం మంది "ఆడవాళ్లకి ఇది మామూలేనమ్మా" అన్నారు. మిగతా సగం మాత్ర రాసిచ్చారు.

బ్యాగు దిగిందంటే ఈ నెల కూడా కాదని అర్థం. పెళ్లయి ఎనిమిదేళ్లు. ఈ ఎనిమిదేళ్లలో ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఖాళీ కొక్కెం చూడగానే అమ్మ రేడియో గొంతు తగ్గించేది. అన్నయ్య పనిసంచి తీసుకొని ఎవరూ పిలవని లిఫ్టు బాగుచేయడానికి వెళ్లిపోయేవాడు. నేను వదినతో ఏదో ఒక విషయం మీద గొడవ పెట్టుకునేదాన్ని. గొడవ పడుతున్నంతసేపూ ఆమె ఏడవదు. నాకు తెలిసిన ఓదార్పు అదొక్కటే.

పాత ఆసుపత్రిలో వదిన గుడ్లు తీసి ఐదు పిండాలు తయారుచేసి ఫ్రీజ్ చేశారు. వాటిలో మూడింటిని ఒకదాని వెంట ఒకటిగా పెట్టేశారు. మూడూ నిలవలేదు. మూడోసారి బ్యాగు దిగిన రోజున అమ్మ ఆపుకోలేక వదిన ముందే కళ్లు ఒత్తుకుంది. ఆ కళ్లు వదినకి గుచ్చుకున్నాయి. డాక్టర్‌ని మార్చాం, మిగిలిన రెండు పిండాలనూ కొత్త ఆసుపత్రికి మార్పించాం. "ఈసారి నిలిచేదాకా అత్తయ్యకి ఒక్క ముక్క చెప్పొద్దు" అని వదిన నా చేతా అన్నయ్య చేతా మాట తీసుకుంది.

కొత్త డాక్టరమ్మ స్కాన్ మెషీన్ ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత కాగితం మీద గర్భసంచి బొమ్మ వేసింది. నేను పక్కనే ఉన్నాను.

"లోపలి పొర లోపలే ఉండాలి. మీకు అది గోడలోకి పాకింది. నెలనెలా గోడ లోపల కూడా రక్తం ఊరుతుంది. అందుకే గోడ ఇంత మందంగా వాచింది. దీన్ని ఎడినోమయోసిస్ అంటారు. ఆ నొప్పి మీరు ఊహించుకున్నది కాదు."

వదిన కాగితం వంక చూస్తూ ఉండిపోయింది. "మరి ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదేం?"

"వెతికితేనే కనబడుతుందమ్మా. చాలామంది వెతకరు."

పిండం మంచిదైనా ఆ గోడ దాన్ని నిలవనివ్వడం కష్టమని డాక్టరమ్మ చెప్పింది. నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు ఇస్తే నెలసరి ఆగిపోతుంది, వాపు తగ్గుతుంది, గోడ నెమ్మదిస్తుంది, ఆ తర్వాత పిండం పెడదామంది. "గ్యారంటీ ఇవ్వను. అందరికీ పనిచేస్తుందనీ చెప్పను. కానీ గోడ ఇలా ఉండగా పెడితే ఉన్న రెండూ పోతాయని నా భయం. మీకు ముప్పై ఎనిమిది. మళ్లీ గుడ్లు తీద్దామన్నా దొరుకుతాయో లేదో."

రెండే పిండాలు. ఆ మాట విన్నప్పటి నుంచి వదిన కాలుగాలిన పిల్లే.

మొదటి ఇంజెక్షన్ అయిన పదో రోజున నెలసరి వచ్చింది, బ్యాగు దిగింది. అది ఆఖరిసారి అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. రెండోది పడ్డాక ఒంట్లో వేడి ఆవిర్లు మొదలయ్యాయి. ఈ మందు ఒంటిని కొన్నాళ్లు ముట్లాగిన వయసులోకి నెట్టేస్తుందట. షాపులో అందరూ ఫ్యాన్ తగ్గించమంటుంటే వదిన తడి తువ్వాలు మెడకి చుట్టుకొని కత్తెర ఆడించేది. ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి దాని ముందు నిలబడేది. నిద్ర సరిగా లేదు, ఉన్న కోపం రెట్టింపైంది. నేను కుట్టిన కాలర్ వంకరగా ఉందని విప్పించింది. వంకర లేదు. అయినా విప్పాను. అదీ నా జీవితంలో మొదటిసారే.

"ఒక్కో రోజు ఎక్కడికి పోతోందే" అనేది నాతో. "నేనేం చేస్తున్నాను? ఊరికే కూర్చుంటున్నాను. ఊరికే కూర్చుంటే పిల్లలు పుడతారా?"

"కూర్చోవడం కూడానా? నువ్వు నిలబడే ఉన్నావు కదా" అన్నాను. సుద్దముక్క విసిరింది, నా భుజానికి తగిలింది.

ఈలోగా అమ్మలో మార్పొచ్చింది. పొద్దున్నే ఏదో కూనిరాగం తీస్తోంది. వదిన చేతిలో నీళ్ల బకెట్ కనబడితే లాక్కుంటోంది. "మెట్లు నెమ్మదిగా దిగమ్మాయ్" అంటోంది. అడగకుండానే పాల గ్లాసు టేబుల్ మీదికి వస్తోంది. వదిన ఫ్రిజ్ ముందు నిలబడితే, మొహం జేవురిస్తే, అన్నం సగంలో వదిలేసి లేస్తే, అమ్మ నవ్వుకుంటోంది. ఒకరోజు ఆమె వంటింట్లో తలుపు వెనక్కి వంగి చూడటం నా కంటపడింది. బ్యాగు కొక్కేనికే ఉంది. నెల దాటినా అది అక్కడి నుంచి కదల్లేదు.

నాకు అర్థమైంది. చెప్పాల్సింది అప్పుడే. మాట ఇచ్చానన్నది ఒక సాకు. అసలు సంగతేమిటంటే, అమ్మ కూనిరాగం విని నాకు ఏళ్లు దాటిపోయాయి. దాన్ని ఆపడానికి నాకు నోరు రాలేదు. ఎలాగూ ఇంకో రెండు నెలలకి నిజంగానే శుభవార్త చెబుతాం, ఈలోగా ఆవిడ సంతోషం ఆవిడది అనుకున్నాను. నేను అంత తెలివైనదాన్ని.

మూడో ఇంజెక్షన్‌కి వారం ముందు స్కాన్ తీశారు. గోడ మందం బాగా తగ్గింది. అది విని వదిన కుర్చీలోంచి లేచిపోయింది. "అయితే ఇక పెట్టేయొచ్చు కదండీ. మూడోది ఎందుకు?"

"ఇంకా తగ్గాలి. మూడోది కూడా అయ్యాకే" అంది డాక్టరమ్మ. బయటికొచ్చాక వదిన మెట్ల మీద నాతో, "పిండాలు నావి. రేపే పెట్టమని సంతకం పెడితే కాదనడానికి ఆవిడెవరు?" అంది. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా వినిపించింది.

ఆ ఇంజెక్షన్ షాపుల్లో ఎప్పుడంటే అప్పుడు దొరకదని అన్నయ్య ముందే తెచ్చిపెట్టాడు. చల్లగా ఉంచాలి, అమ్మ కంటపడకూడదు. ఖాళీ వెన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో వెనక్కి తోసింది వదిన. నేను అక్కడే ఉన్నాను. మా ఇంట్లో వెన్న తినేది ఎవరని మాలో ఒక్కరికీ తట్టలేదు. రొట్టెకి వెన్న రాసుకొని తినేది అమ్మ ఒక్కతే.

ఇంజెక్షన్ రోజు పొద్దున వదిన డబ్బా తెరిచింది. ఖాళీ. ఫ్రిజ్ అంతా కిందికి దించింది. అలికిడికి అమ్మ వచ్చింది.

"దాని కోసమా? పారేశాను. చెత్తబండి నిన్ననే వెళ్లిపోయింది" అంది, గర్వంగానే. "ఇలాంటప్పుడు నొప్పి ఇంజెక్షన్లేమిటమ్మాయ్? కడుపులో బిడ్డకి పడతాయా అవి? నువ్వు చెప్పకపోయినా నాకు తెలీదనుకున్నావా?"

అన్నయ్య బూట్లు తొడుక్కుంటున్నవాడు ఒక కాలితో అలాగే ఆగిపోయాడు. వదిన లేచి నిలబడింది.

"ఏ బిడ్డ?"

"నలభై రోజులైంది, బ్యాగు కదల్లేదు. కళ్లలో ఒత్తులు వేసుకొని చూస్తున్నాను."

వదిన వంటింట్లోకి వెళ్లి బ్యాగు తెచ్చి టేబుల్ మీద పడేసింది. "నా కడుపు సంగతి నన్ను అడక్కుండా ఆ కొక్కేన్ని అడిగారా అత్తయ్యా? బిడ్డా లేదు, ఏమీ లేదు. అది నొప్పి ఇంజెక్షన్ కాదు. మందేసి నెలసరి ఆపారు. గోడ బాగయ్యాక బిడ్డని పెడదామని. మీరు పారేసింది ఆ మందు."

అమ్మ కుర్చీ వెతుక్కొని కూర్చుంది. అంత చిన్నగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు. నువ్వనుకుంటున్నది కూడా తెలుసు" అన్నాను. ఆ చూపు నాకు తగలాల్సిందే, తగిలింది.

అన్నయ్య నాలుగు షాపులకి ఫోన్ చేశాడు. పది రోజులు పడుతుందన్నారు. వదిన అదోలా నవ్వింది. "మంచిదే అయింది. రెండు చాలు. ఇవాళే వెళ్లి పెట్టేయమంటాను. ఇక నేను ఆగలేను."

చెప్పుల కోసం వంగింది. ఆమె వెళ్తే ఆపే ధైర్యం అన్నయ్యకి లేదు, నాకూ లేదు. అమ్మ అడిగింది. "ఎన్ని ఉన్నాయి?"

"రెండు."

"రెండే?"

వదిన చెప్పులో కాలు పెట్టింది.

"నా కోసం తొందరపడుతున్నావా?"

"మీ కోసం కాదత్తయ్యా. నా కోసమే. నాకు ముప్పై ఎనిమిది. రోజూ పొద్దున లేచి నిన్నటికంటే ముసలిదాన్నయ్యానా అని చూసుకుంటున్నాను. ఆగితే పోతుందని భయం. ఆగకపోతే పోతుందని భయం. ఎటూ కాళ్లు నిలవడం లేదు." అప్పుడు ఏడ్చింది. ఈసారి నేను గొడవ పెట్టుకోలేదు.

అమ్మ లేచింది. "పారేసింది నేను. వెతికి తెచ్చేదీ నేనే. పద. దొరక్కపోతే నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి."

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, రెండు మూడు రోజులు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు గానీ మానెయ్యొద్దంది. ముగ్గురం బయల్దేరాం. ఐసు వేసిన ఫ్లాస్కు అమ్మ చేతిలో ఉంది. ఊళ్లోని పెద్ద ఆసుపత్రుల ముందు మందుల షాపులన్నీ తిరిగాం. ప్రతి షాపుకీ నాలుగైదు మెట్లు. వదిన ఒక్క అంగలో ఎక్కేసి "లేదట" అని దిగొచ్చేది. అమ్మ కమ్మీ పట్టుకొని ఇంకా మూడో మెట్టు మీదే ఉండేది. ఒకచోట ఆగి, మొహం బిగబట్టింది.

"ఏమైందత్తయ్యా?"

"చెప్పు జారింది" అంది అమ్మ. చెప్పు జారలేదు. నేను చూశాను, పట్టించుకోలేదు.

తొమ్మిదో షాపులో దొరికింది. ఎవరో ఆర్డరిచ్చి తీసుకుపోలేదట. బస్సులో ఫ్లాస్కు అమ్మ ఒళ్లోనే ఉంది. వదిన ఇస్తారా అని చెయ్యి చాపితే అమ్మ ఇవ్వలేదు. సాయంత్రం ఐదింటికి ఇంజెక్షన్ పడింది.

ఐదు వారాల తర్వాత పిండం పెట్టారు. ఒక్కటే. రెండోది అలాగే ఉండనివ్వమని డాక్టరమ్మ అంటే వదిన మారుమాట్లాడలేదు. ఆ తర్వాత రక్తపరీక్షకి పన్నెండు రోజులు. మూడు నెలలు ఆగిన మనిషికి ఆ పన్నెండు రోజులు ఆగడం రాలేదు. షాపుకి సెలవు పెట్టి, ఇంట్లో బీరువాలన్నీ సర్దింది, అమ్మ దిండు గలీబులన్నీ విప్పి కుట్టింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పొత్తికడుపు లాగింది. నేరుగా తలుపు వెనక్కి నడిచి బ్యాగు మీద చెయ్యి వేసింది. వేడి పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పిన సంగతి గుర్తొచ్చిందో ఏమో, తీయలేదు. అలాగే చెయ్యి వేసి నిలబడింది. అమ్మ గుమ్మంలో ఉంది. ఈసారి తనంతట తాను ఏమీ అనుకోలేదు.

"ఎలా ఉంది?" అని అడిగింది.

"తెలీడం లేదత్తయ్యా."

"సరే. తెలిసినప్పుడు చెప్పు."

పన్నెండో రోజు పరీక్షలో కడుపు నిలిచిందని చెప్పే అంకె వచ్చింది. రెండు రోజులాగి మళ్లీ చేస్తే రెట్టింపైంది. అయినా వదిన ఎవర్నీ నవ్వనివ్వలేదు. గుండె కొట్టుకోవడం కనబడితే అప్పుడు చూద్దాం అంది. మూడు వారాలకి ఆ స్కానూ అయింది. తెర మీద బియ్యపు గింజంత చోట ఏదో టపటపలాడింది. అన్నయ్య కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూశాడు. డాక్టరమ్మ మాత్రం, ఈ గర్భసంచితో చివరిదాకా జాగ్రత్తగా ఉండాలి, నెలలు నిండకుండా కూడా రావొచ్చు అని చెప్పింది. ఇంకా ముప్పైమూడు వారాలు. ఈ మనిషి ఎలా ఆగుతుందో ఏమో.

ఇంటికొచ్చాం. వదిన మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లి తలుపు వెనక చూసింది. చూడటం ఆమెకి ఎనిమిదేళ్ల అలవాటు. కొక్కెం ఖాళీగా ఉంది. గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. స్కాన్ కాగితం ఇంకో చేతిలోనే ఉంది. ఒక్క క్షణం ఆమె ఆ కాగితాన్ని నమ్మలేదు, కొక్కేన్నే నమ్మింది.

"అమ్మా" అని అరిచాను. వెనక గదిలోంచి పలికింది. వెళ్లి చూస్తే మంచం మీద కాళ్లు చాపుకొని, మోకాలి మీద బ్యాగు పెట్టుకొని కూర్చుంది. మోకాలు వాచి ఉంది. పక్కది కూడా.

వదిన గుమ్మం పట్టుకొని నిలబడింది. "ఎప్పట్నుంచి ఇది?"

"ఐదారేళ్లయింది. మెట్లు దిగితే ఎక్కువవుతుంది, అంతే. స్కాన్ బాగుందని అబ్బాయి ఫోన్ చేశాకే తీశానమ్మాయ్, కంగారుపడకు."

"ఇన్నేళ్లూ అక్కడే వేలాడుతోంది కదత్తయ్యా. ఒక్కసారి తీసి పెట్టుకోలేదేం?"

అమ్మ తొడుగు అంచు సర్దుకుంది. "ఎలా తీస్తానే? అది కొక్కేనికి ఉందంటే ఆ రోజుకి ఇంకా ఆశ ఉన్నట్టు. నా చేత్తో ఎలా దించను?"

వదిన గుమ్మం వదిలింది. వెళ్లి మంచం అంచున కూర్చుంది. బ్యాగు మీద చెయ్యి వేసి చూసింది. అది చల్లారిపోయింది. అమ్మ వద్దంటున్నా వినకుండా తీసుకొని, నీళ్లు కాచడానికి వంటింట్లోకి నడిచింది. నెమ్మదిగానే నడిచింది.